నేర్చిన భయము: పావ్లోవు కుక్కలు, పీటరు కుందేలు

చంటిబిడ్డ అన్నము తినక మారాము చేసినపుడు "అదుగో, బూచాడు వచ్చుచున్నాడు" అని బెదరించి నోట ముద్ద పెట్టుట తెలుగునాట ఇంటింట కనబడు సంగతి. బిడ్డ ఉలికిపడును, నోరు తెరచును, ముద్ద లోనికి పోవును. తల్లి పని నెరవేరినది. కాని ఆ క్షణమున బిడ్డ ఏమి నేర్చినదని ఎవరును అడుగరు. బూచాడు ఎట్లుండునో బిడ్డకు తెలియదు. వానినెన్నడును చూచి యుండలేదు. తల్లి కంఠములోని మార్పు, చూపించిన చీకటి మూల, వానితోపాటు వచ్చిన అదరిపాటు, ఇవన్నియు ఒక్కటిగా ముడిపడి ఆ మాటలో చేరును. అటు తరువాత ఆ మాట ఒక్కటియే భయము పుట్టించుటకు చాలును.

ఇట్లు ఒకదానితో మరొకటి ముడిపడి, మొదటిది లేకపోయినను రెండవదియే ఆ పని చేయుటను మనస్తత్వ శాస్త్రజ్ఞులు నిబంధనము అందురు. అభ్యసనము, అనగా నేర్చుకొనుట, ధరించు రూపములలో మిక్కిలి సరళమైనవానిలో ఇది యొకటి. ఎక్కములు నేర్చినట్లే భయమును కూడ నేర్వవచ్చుననియు, నేర్చినదానిని పోగొట్టవచ్చుననియు, అయితే ఆ పోగొట్టుట పలకమీది అక్షరమును తుడిచినట్లుండదనియు తెలియుటకు శాస్త్రమునకు చాల కాలము పట్టినది. ఈ కథ మనస్సును పరిశోధించువారితో మొదలు కాకపోవుట ఒక వింత. కుక్కల జీర్ణరసములను గాజు గొట్టములలో పట్టి కొలుచుచున్న ఒక శరీరధర్మ శాస్త్రజ్ఞునితో ఇది మొదలైనది.

ఇవాన్ పావ్లోవు 1849 లో రష్యాలోని ర్యజాన్ పట్టణమున ఒక చర్చి పురోహితుని ఇంట జన్మించెను. తండ్రి వృత్తియే తనకును రావలసినది. అందుకై మతవిద్యాలయమున చేరెను. అక్కడ చదువుచుండగనే సెచెనోవు అను శాస్త్రజ్ఞుడు 1863 లో ప్రకటించిన రచన అతని కంటబడెను. మనస్సు చేయు పనులని తలచువానికి కూడ మూలము మెదడులోని ప్రతిచర్యలేయని ఆ రచయిత వాదము. ప్రతిచర్య యనగా కంటిలో నలుసు పడగనే రెప్ప మూతపడుట వంటిది; ఆలోచనతో పనిలేక జరుగునది. 1870 లో పావ్లోవు పౌరోహిత్యపు చదువు వదలి సెంట్ పీటర్స్‌బర్గు విశ్వవిద్యాలయమునకు పోయెను.

1891 నుండి ఆ నగరములోని ప్రయోగ వైద్య సంస్థలో శరీరధర్మ విభాగము అతని చేతిలో నుండెను. అంతకు పూర్వము పలువురు శాస్త్రజ్ఞులు జంతువును కోసి, అది చచ్చులోపల చూచినది వ్రాసికొనెడివారు. పావ్లోవు పద్ధతి వేరు. కుక్కకు నేర్పుగా శస్త్రచికిత్స చేసి, గాయము మాని అది మామూలుగా తిని తిరుగుచున్నపుడు నెలల తరబడి పరీక్షించుట అతని నియమము. లాలాజల గ్రంథి నాళపు కొనను చెంప వెలుపలికి తెచ్చి కుట్టినచో ఉమ్మి గాజు గొట్టములోనికి కారును, చుక్కలు లెక్కపెట్టవచ్చును. జఠరరసమును పట్టుటకు కూడ ఇట్టి ఉపాయములే చేసెను. ఆ విధముగా పట్టిన కుక్కల జఠరరసమును శుద్ధిచేసి, అజీర్ణమునకు మందుగా అమ్మి, ప్రయోగశాల ఖర్చులకు కొంత ధనము కూడ రాబట్టిరి! 1904 లో అతనికి నోబెల్ బహుమానము వచ్చినది జీర్ణక్రియను గూర్చిన ఈ కృషికే. కుక్కల నిబంధన ప్రయోగములకు వచ్చినదని పలువురనుకొందురు గాని, అది పొరపాటు.

ఆ జీర్ణరస పరిశోధనలో ఒక చిక్కు తరచు ఎదురగుచుండెను. ఆహారము నోటికి తగిలినపుడు లాలాజలము ఊరుట సహజము. కాని కుక్కలు పళ్లెమును చూచినను, తిండి తెచ్చు నౌకరు అడుగుల చప్పుడు విన్నను చొంగ కార్చుచుండెను. లెక్కలు తప్పుచుండెను. మొదట దీనిని మానసిక స్రావమని పేరుపెట్టి ప్రక్కన నుంచిరి. స్నార్‌స్కీ అను శిష్యుడు కుక్క కోరికలను, తలంపులను బట్టి దీనిని వివరింపబోయెను. గురువు ఒప్పుకొనలేదు. కుక్క మనస్సులో నేమున్నదో చూచినవారెవరు? చుక్కలను లెక్కింపవచ్చును, తలంపులను లెక్కింపరాదు. టొలోచినోవు అను మరొక సహచరునితో కలసి పావ్లోవు ఆ చిక్కునే పరిశోధన విషయముగా చేసికొనెను. 1903 లో మాడ్రిడ్ నగరమున జరిగిన అంతర్జాతీయ వైద్య మహాసభలో ఈ క్రొత్త త్రోవను లోకమునకు తెలియజేసెను. అప్పటికతనికి ఏబదినాలుగేండ్లు కావచ్చుచుండెను. అంతవరకు చేసిన పని ఒక ఎత్తు. మిగిలిన ముప్పది సంవత్సరములు చేసిన పని మరొక ఎత్తు.

ప్రయోగము విధమిది. కుక్కను చప్పుడు చొరని గదిలో ఒక చట్రమునకు కట్టి నిలుపుదురు. సంగీత విద్యార్థులు తాళము కొరకు వాడు మెట్రోనోము టిక్కు టిక్కుమని కొట్టును. కొన్ని క్షణములకు మాంసపు పొడి వచ్చును. ఇట్లు పలుమారులు జరిగిన పిదప మాంసము రాకున్నను, టిక్కు టిక్కుమను చప్పుడునకే లాలాజలము ఊరును. ఇక్కడ మాంసము సహజమైన ఉద్దీపనము; మెట్రోనోము నిబంధిత ఉద్దీపనము; దానికి ఊరిన లాలాజలము నిబంధిత ప్రతిస్పందనము. పాఠ్యపుస్తకములలో అంతటను గంటయే కనబడును గాని, ఆ ప్రయోగశాలలో గంట ఎక్కువగా వాడినది లేదు. మెట్రోనోము, వెలుగు, చర్మమును తాకుట, గోడమీద చూపు బొమ్మలు మొదలైనవి ఎక్కువ. పేరు విషయమున కూడ ఒక ముచ్చట కలదు. పావ్లోవు వాడిన రష్యన్ మాటకు 'షరతుకు లోబడినది' అని అర్థము; మాంసము వచ్చునను షరతు ఉన్నంతవరకే నిలుచునదని భావము. ఇంగ్లీషులోనికి మార్చునపుడు ఆ ఛాయ పోయినది. షరతు అను అర్థము కూడ గల నిబంధనము అను తెలుగు మాట ఆ భావమునకు దగ్గరగా నుండుట మన అదృష్టము.

షరతు తప్పినచో ఏమగును? మెట్రోనోము మ్రోగును, మాంసము రాదు. మరల మ్రోగును, మరల రాదు. చుక్కలు తగ్గి తగ్గి సున్నకు దిగును. దీనికి విరమణమని పేరు. కుక్క మరచిపోయినదని అనుకొనుట సహజము. కాని దానికి కొంత విశ్రాంతి నిచ్చి మరల మెట్రోనోము వినిపించినచో, ఎవరును ఏమియు నేర్పకయే, లాలాజలము తిరిగి ఊరును. కాబట్టి విరమణము మరపు కాదు. పాత పాఠము లోపల నున్నది. దానిపై 'ఇప్పుడు రాదు' అను రెండవ పాఠము కూర్చున్నది. ఈ చిన్న ఫలితమును పాఠకులు జ్ఞాపకముంచుకొనవలెను. తరువాతి కథయంతయు దీనిచుట్టునే తిరుగును.

1914 ప్రాంతమున షెంగర్-క్రెస్టోవ్నికోవా అను పరిశోధకురాలు ఒక కుక్కకు తెరపై వలయమును చూపి ఆహారము పెట్టెను. పొడవు వెడల్పుకు రెండింతలున్న దీర్ఘవృత్తమును చూపి ఏమియు పెట్టలేదు. కుక్క ఆ భేదమును చక్కగా గుర్తించి, వలయమునకే లాలాజలమును ఊరించెను. ఇట్టి గుర్తింపునకు విచక్షణమని పేరు. పిదప ఆమె దీర్ఘవృత్తమును మెల్లమెల్లగా గుండ్రముగా చేయుచు పోయెను. కొలతలు 9 కి 8 వరకు వచ్చునప్పటికి కుక్కకు చిక్కుపట్టినది. మూడు వారములు అదే ప్రయత్నము చేసినను విచక్షణము బాగుపడలేదు సరికదా, మొదటికే పోయినది. అంతవరకు సాధువుగా నిలిచిన జంతువు చట్రములో గింజుకొనెను, కీచుమని అరచెను, తనకు తగిలించిన గొట్టములను కొరికి త్రెంపెను. ఆ గదిలోనికి కొనిపోవగనే మొరుగ నారంభించెను. ఒకప్పుడు సులభముగా నేర్చిన రెండింతల దీర్ఘవృత్తమును కూడ గుర్తింపలేకపోయెను. ఎవరును దానిని కొట్టలేదు, తిండి మాన్పలేదు. దానికి జరిగినదెల్ల, ఉత్తరము చెప్పరాని ప్రశ్నను రోజురోజు అడుగుటయే. తెలియని పాఠమును పదిమందిలో మరల మరల అప్పగింపుమనగా బిగిసిపోవు పిల్లవానిని చూచిన ఉపాధ్యాయులకు ఈ కుక్క అవస్థ అపరిచితముగా తోచదు. పావ్లోవు దీనికి ప్రయోగజన్య మనోవ్యాధియని పేరిడెను.

పదేండ్ల తరువాత ప్రకృతియే మరొక ప్రయోగమును చేసినది. 1924 సెప్టెంబరు 23 న లెనిన్‌గ్రాడు నగరమును వరద ముంచెత్తెను. కుక్కల కొట్టములలోనికి నీరు ప్రవేశించెను. తుపాను గాలిలో, కూలుచున్న చెట్ల చప్పుళ్ల నడుమ, నౌకరులు కుక్కలను కొన్నికొన్నిగా నీటిలో ఈదించుచు ప్రయోగశాల భవనమునకు చేర్చిరి. వరద తీసిన పిదప పరీక్షింపగా కొన్ని కుక్కలు తాము నేర్చిన ప్రతిస్పందనములను పోగొట్టుకొని యుండెను. వారముల తరువాత అవి కోలుకొనెను. అపుడొకనాడు, కోలుకొనిన ఒక కుక్కయున్న గది తలుపు క్రిందనుండి కొంచెము నీటిని లోనికి పారించి చూచిరి. సన్నని ధార అది. చీలమండకు కూడ రాదు. కుక్క తల్లడిల్లిపోయెను. తిరిగి వచ్చిన ప్రతిస్పందనములు మరల మాయమయ్యెను. వరద పోయినది గాని వరద నేర్పిన పాఠము పోలేదు.

అన్ని కుక్కలును ఇట్లు చెడలేదనుట గమనింపదగినది. ఒకే వరదలో ఈదినవానిలో కొన్ని చెక్కుచెదరక నిలిచెను. ఈ భేదమును వివరించుటకు పావ్లోవు ప్రాచీన గ్రీకు వైద్యుల నాలుగు ప్రకృతుల పేర్లను తిరిగి వాడి, నాడీమండలపు బలము, సమత్వము, చురుకుదనములను బట్టి కుక్కలను తరగతులుగా విభజించెను. మూర్తిమత్వమును ప్రయోగశాలలో కొలువ జూచిన తొలి ప్రయత్నములలో ఇది యొకటి. ఆ నాలుగు పెట్టెలలో ప్రతి ప్రాణిని ఇమిడ్చుట సాధ్యము కాలేదు. అయినను ఒకే అనుభవము ఇద్దరిని ఒకే రీతిగా మార్చదను మాట మాత్రము నిలిచినది.

ఇక అమెరికా. 1913 లో జాన్ వాట్సను అను మనస్తత్వ శాస్త్రజ్ఞుడు, మనస్సును గూర్చిన ఊహలను విడిచి కంటికి కనబడు ప్రవర్తననే పరిశోధింపవలెనని గట్టిగా వాదించెను. పావ్లోవు పద్ధతి అతనికి ఆయుధమయ్యెను. 1920 లో అతడును, అతని శిష్యురాలు రోజాలీ రేనరును కలసి ప్రకటించిన ఒక ప్రయోగము నేటికిని చర్చకు తెగలేదు.

బాల్టిమోరు నగరములో ఒక ఆసుపత్రిలో దాదిగా పనిచేయుచున్న స్త్రీకి ఆల్బర్టు అని వారు పిలిచిన మగబిడ్డ యుండెను. తొమ్మిది నెలల ప్రాయమున తెల్ల ఎలుకను, కుందేలును, కుక్కను చూపినను వాడు బెదరలేదు. వెనుకనుండి ఉక్కు కడ్డీని సుత్తితో కొట్టినపుడు మాత్రము ఏడ్చెను. పదునొకండవ నెల దాటగనే ప్రయోగము మొదలు పెట్టిరి. వాడు ఎలుకను ముట్టుకొనబోవగనే వెనుక ఉక్కు ఖంగుమనెను. మొదటినాడు రెండు మారులు, వారము తరువాత ఐదు మారులు, మొత్తము ఏడు. ఆ మీదట ఎలుకను మాత్రమే ముందుంచగా బిడ్డ ఏడ్చి, ప్రక్కకు తిరిగి, చేతులమీద మోకాళ్లమీద వేగముగా ప్రాకిపోయెను. మరి ఐదు దినములకు కుందేలును, కుక్కను, ఉన్ని కోటును చూచి కూడ బెదరెను. కొయ్య దిమ్మలతో మాత్రము హాయిగా ఆడుకొనెను. ఒకదానియందు నేర్చిన భయము దానిని పోలిన వానికి ప్రాకుట సామాన్యీకరణము. కాని వారి వ్రాతలోనే మరి రెండు విషయములు కలవు. వీనిని చెప్పువారు తక్కువ. బిడ్డ బొటనవ్రేలు నోట పెట్టుకొన్నపుడు భయము కనబడలేదు. వేరొక పెద్ద గదికి తీసికొనిపోయినపుడు భయము మందగించెను.

భయమును కలిగించిరి సరే, తొలగించిరా? లేదు. బిడ్డ ఆసుపత్రిని వదలి పోవునను సంగతి వారికి ముందుగనే తెలియును. భయము తొలగించుటకు ఏమేమి చేయవచ్చునో, ఉదాహరణమునకు ఆ జంతువును చూపునపుడే మిఠాయి పెట్టవచ్చునని, వ్యాసము చివర వ్రాసిరి, చేయలేదు. తరువాతి పాఠ్యపుస్తకములలో కొన్ని, వాట్సను ఆ బిడ్డ భయమును పోగొట్టెనని వ్రాసినవి. చదువరుల మనస్సు నొచ్చకుండుటకు ఎవరో చేర్చిన ముగింపది. ఆ బిడ్డ ఎవరను దానిపై 2009 లో ఒకరు, 2014 లో మరొకరు వేరువేరు నిర్ణయములు ప్రకటించిరి, వివాదము తీరలేదు. ఒక శిశువునకు పని గట్టుకొని భయము నేర్పి, అట్లే వదలివేసిరనుట మాత్రము నిర్వివాదము. నేటి నియమముల ప్రకారము అట్టి ప్రయోగమునకు ఏ సంస్థయు అనుమతి నీయదు. వాట్సను 1920 లోనే విశ్వవిద్యాలయమును వదలవలసి వచ్చెను. అయితే దానికి కారణము ఈ ప్రయోగము కాదు, రేనరుతో అతని సంబంధము. తరువాత వ్యాపార ప్రకటనల సంస్థలో చేరి ధనము గడించెను.

వదలిన పనిని చేపట్టినది మేరీ కవర్ జోన్సు. రేనరునకు కళాశాలలో స్నేహితురాలు. వాట్సను ఉపన్యాసమును విన్నపుడు ఆమె మనస్సున మెదలిన ప్రశ్న సూటియైనది: భయమును నేర్పగలిగినచో మాన్పలేమా? న్యూయార్కులో శిశువులనుంచు ఒక గృహమున ఆమె డెబ్బదిమంది పిల్లలను పరిశీలించి, పెద్దలు వాడు ఉపాయములను ఒక్కొక్కటిగా పరీక్షించెను. ఆ ఫలితములను 1924 లో ప్రకటించెను. భయపడు వస్తువును కొన్ని వారములు కంటబడనీయక దాచినచో భయము పోయినదా? పోలేదు. అది మంచిదని మాటలతో నచ్చచెప్పినచో? బిడ్డ ఆ మాటలను తాను కూడ చెప్పును గాని, వస్తువు రాగనే ఏడ్చును. తోటిపిల్లల యెదుట ఎగతాళి చేసినచో? భయము మరింత బలపడినది. నిజముగా పనిచేసినవి రెండే. మొదటిది, భయములేని తోటిపిల్లలను చూచి నేర్చుట. రెండవది, ఇష్టమైన తిండితో ఆ వస్తువును ముడిపెట్టుట. ఎగతాళితో పిల్లల పిరికితనము వదల్చవచ్చునను నమ్మకము బడులలో నేటికిని ఉన్నది గనుక ఈ పట్టికను ఉపాధ్యాయులు తీరికగా చదువదగును.

ఆ పిల్లలలో ఒకని పేరు పీటరు. వయస్సు రెండేండ్ల పది నెలలు. తెల్ల ఎలుక, కుందేలు, ఉన్ని కోటు, ఈక, దూది అన్నిటికిని వాడు జడియును. ఆల్బర్టే పెరిగి పెద్దవాడై వచ్చినట్లుండెను. అయితే ఈ భయమును ఎవరును ప్రయోగశాలలో నేర్పలేదు. మొదట భయములేని ముగ్గురు పిల్లలతో కలసి ఆడుకొననిచ్చి, నడుమ కుందేలును తెచ్చుచుండిరి. కొంత గుణము కనబడినది. ఇంతలో వానికి జ్వరవ్యాధి తగిలి రెండు నెలలు ఆసుపత్రిలో నుండవలసి వచ్చెను. తిరిగి వచ్చునపుడు నర్సుతో బండి ఎక్కబోవుచుండగా ఒక పెద్ద కుక్క మీదికి వచ్చెను. పిల్లవాడును బెదరెను, నర్సును బెదరెను. నేర్చినదంతయు పోయి భయము మొదటికి వచ్చెను. లెనిన్‌గ్రాడు కుక్క గదిలోనికి నీరు పారినట్లే అయినది.

అపుడు జోన్సు రెండవ ఉపాయమునకు దిగెను. పీటరును ఎత్తు కుర్చీలో కూర్చుండబెట్టి వానికిష్టమైన తిండి పెట్టుదురు. తీగబోనులో కుందేలును గది ఆ చివర, వాని తిండికి అడ్డు రానంత దూరమున నుంతురు. మరునాడు కొంచెము దగ్గరకు. ఇంకొకనాడు ఇంకను దగ్గరకు. గదిలో ఎక్కడనున్నను ఏడ్చుట మొదలుకొని, కుందేలు తన వ్రేళ్లను మెల్లగా కొరుకుచుండగా ఊరకుండుట వరకు పదునేడు మెట్లు లెక్కించిరి. ఎక్కుట తిన్నగా సాగలేదు. కొన్నినాళ్లు రెండడుగులు వెనుకకు. తుదకు పీటరు కుందేలుతో ఆడుకొనెను. దూది, కోటు, ఈకల భయము కూడ, ఎవరును ప్రత్యేకముగా మాన్పకయే, తొలగిపోయెను. అయితే జోన్సు ఒక హెచ్చరికను వ్రాసినది. ఇక్కడ తిండివలన కలుగు సంతోషమును, కుందేలువలన కలుగు భయమును ఒకే చోట నెదురెదురుగా నిలుపుచున్నారు. తొందరపడి కుందేలును ఒక్కసారిగా ముందుకు తెచ్చినచో, కుందేలు ప్రియమగుటకు బదులు తిండియే భయంకరమగును. బూచాని పేరు చెప్పి ముద్ద పెట్టు ఇంట, తిండియన్న మారాము చేయు పిల్లలు ఏల పెరుగుదురో ఇందువలన ఊహింపవచ్చును.

ఈ వ్యాసమును మూడు దశాబ్దులపాటు పట్టించుకొన్నవారు అరుదు. రెండవ ప్రపంచ యుద్ధమున దక్షిణాఫ్రికా సైన్యములో వైద్యుడుగా పనిచేసిన జోసెఫ్ వోల్పీ, యుద్ధభయముతో మతి చలించిన సైనికులను చూచి, వాడుకలోనున్న చికిత్సలు చాలవని తలచి, పావ్లోవు గ్రంథములను చేపట్టెను. 1947 లో జొహానెస్‌బర్గులో పిల్లులపై ప్రయోగములకు పూనుకొనెను. బోనులో విద్యుద్ఘాతము తగిలిన పిల్లులు అక్కడ ఆకలిగొన్నను తినలేదు. వానికి మొదట ఆ గదిని పోలని గదిలో, పిదప కొంచెము పోలిన గదిలో, ఇట్లు క్రమముగా దగ్గరగుచు తిండి పెట్టి ఆ భయమును మాన్పెను. పీటరు కుందేలు దగ్గరకు వచ్చినట్లు ఇక్కడ పిల్లి గది దగ్గరకు వచ్చినది. పెద్దలకు ఎత్తు కుర్చీలో మిఠాయి పెట్టుట కుదరదు గనుక, దానికి బదులు వారికి కండరములను సడలించి విశ్రమించుట నేర్పెను. కుక్కకు జడియు మనిషి మొదట హాయిగా పడుకొని దూరపు వీధిలోని కుక్కను ఊహించుకొనును. ఆ ఊహ నిమ్మళముగా నిలిచినపుడే తరువాతి మెట్టు. 1958 లో వోల్పీ ప్రకటించిన ఈ పద్ధతి భయరోగముల చికిత్సలో ఒక మలుపు. జోన్సును ఈ చికిత్సకు మాతృమూర్తిగా గౌరవించినవాడు కూడ అతడే.

మందులేని భయము కాలముతో తానే ఏల పోదను ప్రశ్నకు మరొక మార్గమున జవాబు దొరకినది. 1898 లో థారన్‌డైక్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు పిల్లులను గడియపెట్టెలలో నుంచి, తృప్తినిచ్చిన పని మరల మరల చేయబడునని చూపియుండెను. 1947 లో మౌరర్ ఈ రెండు త్రోవలను కలిపెను. కుక్కను చూచి భయపడుట పావ్లోవు పాఠము. కుక్క కనబడగనే వీధి మారుట థారన్‌డైక్ పాఠము. వీధి మారగనే గుండె కుదుటపడును. ఆ నెమ్మదియే బహుమానము. ఇట్లు పారిపోయిన ప్రతిసారియు పారిపోవు అలవాటు బలపడును. ఈ కుక్క కరవదని నేర్చుకొను అవకాశము ఎన్నటికిని రాదు.

వాట్సను వాదములో ఒక అతిశయోక్తి కూడ కాలక్రమమున బయటపడినది. దేనినైనను దేనితోనైనను ముడిపెట్టవచ్చునని అతని ధీమా. 1929 లో హోరేస్ ఇంగ్లీష్ అను శాస్త్రజ్ఞుడు పదునాలుగు నెలల పాపకు కొయ్య బాతును చూపుచు పెద్ద చప్పుడు చేసి చూచెను, పాప భయపడలేదు. 1930 లో వాలెంటైన్ తన కూతురు విషయమును ప్రకటించెను. దుర్భిణిని ముట్టినపుడు ఈల ఊదినను బిడ్డ లక్ష్యపెట్టలేదు. గొంగళిపురుగును చూచినపుడు ఊదగా జడిసినది. 1966 లో గార్షియా, కోయెలింగ్ అనువారు ఎలుకలచే తీపి నీటిని వెలుగు, చప్పుళ్ల నడుమ త్రాగించిరి. తరువాత కడుపులో వికారము కలిగించిన ఎలుకలు తీపిని విడిచెను. విద్యుద్ఘాతము తగిలిన ఎలుకలు వెలుగును, చప్పుడును తప్పించుకొనెను. విందులో తిని వాంతి చేసికొన్నవాడు ఆ వంటకమును ఏండ్ల తరబడి ముట్టడు గాని, వడ్డించిన విస్తరిని అసహ్యించుకొనడు. మనస్సు తెల్లకాగితము కాదు. కొన్ని వ్రాతలకు అది ముందే గీతలు గీచుకొని యున్నది.

పావ్లోవు చూచిన పాత చిక్కును 1979 లో బౌటన్, బోల్స్ అనువారు తిరిగి చేపట్టిరి. ఒక పెట్టెలో ఎలుకలకు ఒక సంకేతమునకు భయపడుట నేర్పి, వేరొక రకపు పెట్టెలో ఆ భయమును విరమింపజేసిరి. మొదటి పెట్టెకు తిరిగి తీసికొనిపోగనే భయము మరల లేచినది. భయము నేర్చిన పాఠము ఎక్కడికైనను వెంట వచ్చును. భయము పోయిన పాఠము తాను నేర్చిన చోటునే ఎక్కువగా అంటిపెట్టుకొని యుండును. వైద్యుని గదిలో కుదుటపడిన రోగి ఇంటికి పోగనే మరల ఏల జబ్బుపడునో దీనివలన కొంత తెలిసినది. అందుచే నేటి చికిత్సకులు రోగిని ఒకే గదిలో గాక, భయము ఎదురగు వీధిలోను, ఇంటిలోను, సంతలోను కూడ అభ్యాసము చేయింతురు.

కుందేలువంటి ఒక్క వస్తువైనచో ఇంతమాత్రము చాలును. కాని తనను గూర్చియు ఇతరులను గూర్చియు తలచు తీరే చిన్ననాటినుండి వంకరపోయి, ప్రతి సంబంధములోను బాధ పెట్టుచున్నచో, దూరమునుండి దగ్గరకు జరుపుటకు వస్తువేది? వీనిని మూర్తిమత్వ రుగ్మతలందురు. అమెరికా మనోవైద్య సంఘము 1980 నాటి తన వర్గీకరణ గ్రంథములో వీనికి ప్రత్యేక స్థానమిచ్చినది. పుట్టుకతో వచ్చిన స్వభావమునకు, పెరిగిన పరిసరములకు రెంటికిని ఇందు పాలున్నదని నేటి అభిప్రాయము. మార్షా లినెహాన్ అను మనస్తత్వ శాస్త్రజ్ఞురాలు, ఇట్టివారిలో తమకు తామే హాని చేసికొను కొందరికి మొదట మామూలు ప్రవర్తన చికిత్సనే చేసి చూచెను. మారుము, మారుము అని చెప్పుకొలది తమ బాధను ఎవరును నమ్ముట లేదని వారు తలచిరి. ఆ బాధ నిజమేనని ముందు ఒప్పుకొని, పిదప క్రొత్త నేర్పులను ఒక్కొక్కటిగా అలవరచు పద్ధతిని ఆమె రూపొందించెను. 1991 లో ప్రకటించిన పరీక్షలో ఆత్మహింస తగ్గుట కనబడినది.

పరిసరము సంగతి జోన్సు 1924 లోనే గమనించియుండెను. పీటరు చికిత్స ముగిసి ఇంటికి పోయిన పిదప వాని ఇల్లెట్టిదో ఆమె వ్యాసమున వ్రాసినది. ఒకే గది, అందులో తల్లి, తండ్రి, తొమ్మిదేండ్ల అన్న, పీటరు. తండ్రి సంపాదన వారమునకు 25 డాలర్లు. ఒక అక్క చనిపోయిన దుఃఖము ఇంకను ఆ ఇంట నుండెను. ఆ ముద్దంతయు పీటరుమీదనే చూపుచుండిరి. అన్నకు అది కంటగింపు. తల్లి కంటనీరు పెట్టక మాటలాడలేనిది. పిల్లవాడు వీధిలోనికి పోయి మాట విననపుడు, ఎవరో వానిని ఎత్తుకొని పోవుదురని చెప్పి లోనికి పిలుచుట ఆమెకు అలవాటు.